నిజం చెప్పండి, మీ ఇంట్లో దుప్పట్లు ఎన్నాళ్లకోసారి ఉతుకుతారు?

అంబాజీపేట_కోడలు | సోమవారం, రాత్రి 9:52

నిన్న పాలకొల్లులో మా చుట్టాల గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాలయ్యాక నలుగురం ఆడవాళ్లం ఓ గదిలో చేరి కబుర్లలో పడ్డాం. మాట ఎటు తిరిగి ఎటొచ్చిందో, దుప్పట్ల మీదకు వచ్చింది. మా వదిన "నేనైతే ఆదివారం ఆదివారం మార్చేస్తానమ్మా, లేకపోతే నాకు నిద్ర పట్టదు" అంది. పక్కావిడ "మేమూ అంతే" అంది. ఇంకొకావిడ అయితే వారానికి రెండుసార్లట. నా వంతు వచ్చింది. నేనూ తలూపాను. "ఆ, వారానికోసారి."

ఇంటికొచ్చి మంచం మీద వాలితే, దీపావళి నాడు మా చిన్నోడు చిచ్చుబుడ్డి మసి చేతులతో ఎక్కి అంటించిన మరక నా దిండు పక్కనే ఉంది. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. కార్తీక పౌర్ణమి దీపాలు కూడా కాలవలో వదిలేసి వచ్చాం, ఆ చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

అందుకే అడుగుతున్నాను. ఇక్కడ ఎవరి పేర్లూ ఎవరికీ తెలియవు కదా. ఎన్నాళ్లకు చెయ్యాలో వద్దు, అది నాకూ తెలుసు. ఎన్నాళ్లకు చేస్తున్నారో చెప్పండి. ముందు నాది. ఇల్లు రోజూ రెండు పూటలా తుడుస్తాను. తడిగుడ్డ వారానికి రెండుసార్లు అనుకుంటాను గానీ ఒకసారే అవుతుంది. దుప్పట్లు మూడు వారాలు. దిండు గలీబులు కాస్త నయం, నూనె వాసన వస్తే తీసేస్తాను. ఫ్రిజ్ లోపల ఏదైనా ఒలికితేనే. ఫ్యాన్లు సంక్రాంతికి, లేదంటే ఆడపడుచు వస్తోందని ఫోనొస్తే. పరుపు ఎండలో వేసింది ఎప్పుడో గుర్తులేదు. మేడ మీద ట్యాంకు సంగతి అడక్కండి, మూత తియ్యాలంటేనే భయం.

భీమవరం_రూము | సోమవారం, రాత్రి 10:07

అక్కా, మీరు చాలా శుభ్రం. మేం నలుగురం ఒక రూము. మా దగ్గర దుప్పటి ఉతకడం అనే మాట లేదు, తిరగెయ్యడం ఉంది. ఒక వైపు నెల, రెండో వైపు నెల. ఆ తర్వాత మా వాడు "నీది నాకియ్యి, నాది నువ్వు తీసుకో" అంటాడు. వాడిది నా దాని కన్నా బాగుందనిపిస్తుంది, వాడికీ నాది అలాగే అనిపిస్తుందట.

ఫ్యాను తుడిచింది మా ఓనరు గారు, మేం దిగకముందు.

నేను చేసే పనేంటో తెలుసా? రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉంటాను. అక్కడ గాజు సీసా ఒకటికి మూడుసార్లు కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో తొలిచి, బోర్లించి ఆరబెట్టకపోతే మా సారు ఊరుకోరు. సాయంత్రం రూముకొచ్చి సింకులోంచి గ్లాసు తీసి, వాసన చూసి, నీళ్లు తాగేస్తాను.

తెల్ల_టైల్స్ | సోమవారం, రాత్రి 10:31

క్షమించాలి, ఇవన్నీ చదువుతుంటే ఒళ్లు జలదరిస్తోంది. మాది కాకినాడ. మా ఇంట్లో రోజూ రెండుసార్లు తడిగుడ్డ, బాత్రూములు రోజూ, దుప్పట్లు వారానికి రెండుసార్లు, కిటికీ ఊచలు శనివారం, ఫ్యాన్లు పదిహేను రోజులకోసారి. మనసుంటే టైము దొరుకుతుంది.

కోటిపల్లి_రేవు | సోమవారం, రాత్రి 10:34

@తెల్ల_టైల్స్ చేస్తారా, చేయిస్తారా?

తెల్ల_టైల్స్ | సోమవారం, రాత్రి 10:50

పనమ్మాయి ఉంది. అయితే దగ్గరుండి చేయించుకోవాలి కదండీ.

కోటిపల్లి_రేవు | సోమవారం, రాత్రి 10:52

దగ్గరుండడం కూడా పనే, కాదనను. కాకపోతే లెక్క ఆవిడ పేరున రాసుకోవాలి.

పెద్దిల్లు_పిన్ని | మంగళవారం, ఉదయం 6:15

నాకు 68. ముమ్మిడివరం దగ్గర మాది పాత పెంకుటిల్లు, మండువా లోగిలి. ఇప్పుడు సగం కూల్చి డాబా వేశారు, సగం అలాగే ఉంది. మీరు వారం, పదిహేను రోజులు అంటుంటే నవ్వొస్తోంది. మా రోజుల్లో ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఎవరూ చెప్పేవారు కాదు, ఎప్పుడు చెయ్యకూడదో మాత్రం అందరూ చెప్పేవారు. మంగళవారం, శుక్రవారం బూజు దులపకూడదు. దీపాలు పెట్టాక చీపురు పట్టకూడదు. ఊరెళ్లిన మనిషి గడప దాటిన వెంటనే ఇల్లు తుడవకూడదు. అవన్నీ తీసేస్తే మిగిలింది సోమ, బుధ, గురు, శని, ఆదివారాలు. ఆదివారం చుట్టాలు దిగేవారు.

రోజువారీది మాత్రం తప్పేది కాదు. తెల్లారకుండా వాకిలి చిమ్మి, పేడనీళ్లతో కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టాకే పొయ్యి వెలిగేది. పెద్ద పనంతా సంక్రాంతికి నెల ముందు, నెలగంట పెట్టాక. పెంకుల్లోంచి రాలిన మట్టి, పిచ్చిక గూళ్ల గడ్డి, దూలాల మీద బూజు. బూజుకర్రకు పాత చీర ముక్క చుట్టి, తలకు తువ్వాలు కట్టుకుని నలుగురు మగవాళ్లూ దిగేవారు. అవును, బూజు దులపడం, సున్నం వెయ్యడం మగవాళ్ల పనే అప్పట్లో. అటక మీంచి దించిన గుండిగలు, గంగాళాలు, ఇత్తడి బిందెలు పెరట్లో వరసగా పెట్టి చింతపండూ ఇటుకపొడీ కలిపి కొబ్బరి పీచుతో తోమేవాళ్లం. మా అత్తగారు బిందె అడుగున ముఖం చూసుకునేవారు. ముఖం కనపడకపోతే మళ్లీ తోమాలి.

దుప్పట్లు అంటారా? చాకలి వచ్చిన రోజు. ఆయన రాకపోతే లేదు. అంతే లెక్క.

ఊకమిల్లు_పక్కిల్లు | మంగళవారం, ఉదయం 8:40

మాది మండపేట వైపు. మా ఇంటికి మూడు వైపులా రైసు మిల్లులు. ఉప్పుడు బియ్యానికి బాయిలర్లలో ఊక కాలుస్తారు. గాలి ఇటు తిరిగిన రోజు నల్లటి నలుసులు పూలు రాలినట్టు రాలతాయి. వేలితో ముట్టుకుంటే పిండైపోయి గీత పడుతుంది. ఆ నలుసు మీద తడిగుడ్డ వేశారో, ఇక ఇల్లంతా సిరా. ముందు మెత్తటి కొండచీపురుతో, గాలి రేపకుండా, ఫ్యాను ఆపి తుడవాలి. ఆ తర్వాతే గుడ్డ. మా ఇంటికి కొత్తగా వచ్చిన ప్రతి పనమ్మాయీ మొదటి రోజు ఇక్కడే దెబ్బతింటుంది.

కాబట్టి "ఎన్నాళ్లకోసారి" అనే ప్రశ్న మాకు వర్తించదు. గాలిని బట్టి. పడమటి గాలైతే రోజుకి మూడుసార్లు, తూర్పు గాలైతే రేపు చూద్దాం. దుప్పట్లు మేడ మీద ఆరేస్తే ఉతకనివే నయం. కిందే, వరండాలో ఆరేస్తాం.

హైదరాబాదు_అల్లుడు | మంగళవారం, ఉదయం 9:12

ఒక సందేహం. మీరంతా "తుడవడం" అంటే చీపురుతోనా, గుడ్డతోనా? మాది తెలంగాణ, మా ఆవిడది తణుకు. పెళ్లైన కొత్తలో "ఇల్లు తుడిచెయ్యండి" అంది. నేను బకెట్టూ గుడ్డా పట్టుకుని గంటసేపు తుడిచాను. వచ్చి చూసి "చీపురు పెట్టకుండా తడిగుడ్డ ఏంటండీ, మట్టంతా అంటిపోయింది" అని తల పట్టుకుంది.

కోటిపల్లి_రేవు | మంగళవారం, ఉదయం 9:20

మా వైపు తుడవడం చీపురుతోనే అండి. గుడ్డతో అయితే తడిగుడ్డ పెట్టడం. ఇంతకీ ఆ గంట తర్వాత మీకు మళ్లీ ఆ పని చెప్పారా?

హైదరాబాదు_అల్లుడు | మంగళవారం, ఉదయం 9:21

చెప్పలేదు. పన్నెండేళ్లయింది. నేర్చుకోవాల్సింది అప్పుడే నేర్చుకున్నాను.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 1:05

పై సమాధానం చదివాక ఒక లెక్క పెట్టబుద్ధేసింది. జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు జనం రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో సర్వే చేస్తారు. 2019లో ఒకసారి, 2024లో ఒకసారి చేశారు. ఆరేళ్లు, ఆ పైన వయసున్న వాళ్లను అడిగారు. జీతం లేని ఇంటి పనికి 2019లో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97. 2024లో ఆడవాళ్లు 289, మగవాళ్లు 88. వంట, అంట్లు, బట్టలు, శుభ్రం అన్నీ కలిపి. ఇందులో మెలిక ఏంటంటే, ఈ సగటు ఆ రోజు ఇంటి పని ముట్టుకున్న వాళ్లకే. అసలు ముట్టుకోని మగవాళ్లను కలిపితే ఆ 88 ఇంకా కిందకి పోతుంది.

ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయి, మిక్సీ, వాషింగ్ మెషీన్ అనుకుందాం. మగవాళ్లకు తగ్గిన తొమ్మిది నిమిషాలు ఎటు పోయాయో మీరే ఆలోచించండి.

భీమవరం_రూము | మంగళవారం, మధ్యాహ్నం 1:18

మాస్టారూ, ఆ సర్వే వాళ్లు మా రూముకి రాలేదు గనక సరిపోయింది. వచ్చుంటే దేశం సగటే కూలిపోయేది.

అంబాజీపేట_కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మా ఆయన ఇది చదివి "నేను ఆదివారం కొబ్బరికాయలు ఒలుస్తాను కదా, అది ఇంటి పని కాదా" అంటున్నారు. మాస్టారూ, తీర్పు చెప్పండి.

లెక్కల_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 2:44

ఇంట్లో పచ్చడికైతే ఇంటి పని. కొట్టుకి వేస్తే వ్యాపారం. ఒలిచిన డొక్కలు, పీచు ఎవరు ఎత్తుతున్నారు?

అంబాజీపేట_కోడలు | మంగళవారం, మధ్యాహ్నం 2:45

నేనే.

సబ్‌సెంటర్_సిస్టర్ | మంగళవారం, సాయంత్రం 5:50

డొక్కలు, చిప్పలు అనగానే నా ఉద్యోగం గుర్తొచ్చింది. నేను ఏఎన్ఎంని, ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుని. శుక్రవారం శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసి తొట్లు కడిగే రోజు అని ఇళ్ల చుట్టూ తిరుగుతాం. "నీళ్ల తొట్టి ఎప్పుడు కడిగారమ్మా" అంటే, నేను అడిగిన ప్రతి ఇల్లూ చెప్పే జవాబు ఒకటే: నిన్ననే. టార్చి వేస్తే పిల్లలు ఈదుతుంటాయి. దోమ పిల్లలండీ, తలకిందులుగా వేలాడుతూ, నీడ పడగానే చటుక్కున కిందికి దిగిపోతాయి.

మీరు ఎన్నాళ్లకోసారి అని అడిగారు కదా. చాలా పనులకి ఆ సంఖ్య మన ఇష్టం. దీనికి మాత్రం కాదు. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో గుడ్డు నుంచి దోమయ్యేసరికి వారం నుంచి పది రోజులు. అందుకే వారం. పదిహేను రోజులకోసారి కడిగితే మధ్యలో ఒక కాన్పు ఎగిరిపోయినట్టే. ఇంకో సంగతి, నీళ్లు పారబోస్తే చాలదు. గుడ్లు తొట్టి గోడకి, నీటి అంచు దగ్గర అతుక్కుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి. పీచుతో అంచు చుట్టూ గట్టిగా రుద్దాలి.

నాకు ఎక్కువసార్లు దొరికేవి ఫ్రిజ్ వెనక ట్రే, మనీ ప్లాంటు సీసా, పెరట్లో బోర్లించకుండా పడేసిన కొబ్బరి చిప్పలు. ఆ చిప్పలో వాన నీళ్లు గుక్కెడు ఉంటే చాలు. ఈ దోమ ఎక్కువ దూరం పోలేదు. మిమ్మల్ని పగటిపూట కుట్టిందంటే అది మీ ఇంటిదో, పక్కింటిదో.

అంబాజీపేట_కోడలు | మంగళవారం, సాయంత్రం 6:20

ఇప్పుడే వెళ్లి ఫ్రిజ్ జరిపి చూశాను. ఏడేళ్లయింది కొని. దాని వెనక ట్రే ఉంటుందని నాకు ఈరోజే తెలిసింది. ఏముందో రాయను, అన్నం తినేవాళ్లు ఉంటారు.

సఖినేటిపల్లి_ఉప్పునీళ్లు | మంగళవారం, రాత్రి 8:15

మా బాధ నీళ్లది. సముద్రం దగ్గర, బోరు వేస్తే ఉప్పు. కాస్త లోపలికి వెళ్తే ఇనుము. స్టీలు గిన్నెలు కడిగి ఆరబెడితే తెల్ల చుక్కలు, బాత్రూము టైల్స్ మీద తుప్పు రంగు చారలు. రోజూ కడిగినా "ఈ ఇంట్లో ఏడాదిగా కడగలేదు" అన్నట్టే ఉంటుంది. చుట్టాలకి ఆ సంగతి ఎలా చెప్పను?

పోయిన వేసవిలో ఒకరోజు విసుగొచ్చి యాసిడ్ పోశాను. చాలదనిపించి దాని మీదే బ్లీచింగ్ పౌడరు చల్లాను. రెండు రెట్లు తెల్లబడుతుందనుకున్నాను. తలుపు వేసి ఉంది. క్షణంలో గొంతులో మంట, కళ్ల వెంట నీళ్లు, ఊపిరి అందలేదు. మా అమ్మాయి తలుపు నెట్టి చెయ్యి పట్టి బయటికి లాగింది. రెండు రోజులు దగ్గుతూనే ఉన్నాను.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:32

అమ్మా, బతికిపోయారు. యాసిడూ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, సైనికుల మీదకు వదిలింది ఇదే. చదివేవాళ్లంతా గుర్తుపెట్టుకోండి, ఆ రెండూ ఒకే రోజు ఒకే బాత్రూములోకి పోకూడదు.

తుప్పు చారలకి బ్లీచింగ్ ఎలాగూ పనిచెయ్యదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, పాత గుడ్డ ముంచి, చార మీద అరగంట పరిచి ఉంచండి. తర్వాత బ్రష్షుతో రుద్దితే వస్తుంది. గిన్నెల మీద తెల్ల చుక్కలకీ అదే. మళ్లీ వస్తాయి, నీళ్లు అవే కదా.

కోటిపల్లి_రేవు | మంగళవారం, రాత్రి 9:00

ఒక పక్క ప్రశ్న. ఇంతకీ ఏ బూజు గురించి మాట్లాడుతున్నాం? మనకి గోడ మూల సాలీడుదీ బూజే, ఊరగాయ మీద తెల్లగా పట్టేదీ బూజే, వానాకాలం బీరువాలో బెల్టు మీద పచ్చగా లేచేదీ బూజే. మొదటిది నాకు సంక్రాంతికి. రెండోది పట్టనివ్వను, పైన నూనె తేలాలి. మూడోదే ఓడిస్తోంది. శ్రావణం నుంచి కార్తీకం దాకా మా ఇంట్లో తోలు చెప్పులు, పట్టుచీరలు, పెళ్లి ఆల్బమ్ అన్నీ వాసనే. బీరువా తెరిచి గాలి తగలనివ్వడం తప్ప వేరే మందు కనపడలేదు.

లంక_గట్టు | మంగళవారం, రాత్రి 10:20

అందరూ దుమ్ము, బూజు, మరకలు అంటున్నారు. మాది పి.గన్నవరం వైపు, గోదావరి పాయల మధ్య లంక. మాకు శుభ్రం అంటే ఏటా ఒకటే పరీక్ష, వరద వచ్చి వెళ్లాక.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. మా నాన్నగారు 1986 గుర్తు చూపించి "అప్పుడు 35 లక్షలు, ఇక్కడిదాకా వచ్చింది" అని గోడ మీద గీత చూపిస్తుంటారు. మేం మంచాల కోళ్ల కింద ఇటుకలు పెట్టి, బియ్యం, గ్యాసు బండ, పిల్లల పుస్తకాలు అటక ఎక్కించి గట్టు మీదకి వెళ్లిపోయాం. తిరిగొచ్చేసరికి ఇంట్లో మోకాలి కింద నీళ్లున్నాయి, దిగుతున్నాయి.

ఇక్కడ తెలియనివాళ్లు చేసే తప్పు ఒకటుంది. నీళ్లు పూర్తిగా తియ్యనిచ్చి అప్పుడు కడుగుదాం అనుకుంటారు. అలా అనుకున్నారో అయిపోయారే. నీళ్లు ఇంట్లో ఉండగానే, అవి దిగుతున్న కొద్దీ, అదే నీళ్లు గోడకి చేదపోస్తూ ఈనెల చీపురుతో ఒండ్రు కదిపి బయటికి తోసెయ్యాలి. పైనుంచి కిందకి రావాలి, కిటికీ గట్టు, అలమార అరలు, తర్వాత గోడ, చివర్లో గచ్చు. నీటి మట్టం గడప దిగేలోపు అయిపోవాలి. ఒకసారి ఆరిందంటే ఒండ్రు పెచ్చు కడుతుంది, చీపురు పని చెయ్యదు, పార పట్టాలి. చేనుకి బంగారం, వంటింట్లో శని.

మా ఆవిడ, మా అమ్మ, నేను, తమ్ముడు నలుగురం రాత్రి పది నుంచి తెల్లారి నాలుగు దాకా టార్చీ వెలుగులో అదే పని. పాములుంటాయేమోనని ముందు కర్రతో మూలలు తట్టుకుంటూ. బూరుగు దూది పరుపులు రెండు పోయాయి, తడిసిన బూరుగు దూది మళ్లీ పరుపు కాదు. దిళ్లు విప్పి దూది ఎండబెడితే సగం దక్కింది. స్విచ్చి బోర్డుల్లో ఒండ్రు వారం తర్వాత కూడా రాలింది.

అలాంటి ఇంట్లో ఫ్యాను మీద దుమ్ము ఉందని ఎవరైనా అంటే, ఉండనివ్వండి పాపం, అది పైనుంది కాబట్టే బతికింది అంటాను.

పెద్దిల్లు_పిన్ని | బుధవారం, ఉదయం 5:58

బాబూ, 86లో మేమూ చూశాం. మా అత్తగారి బిందెలు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఆవిడ ముఖం చూసుకోవడం మానేశారు.

కువైట్_నుంచి_వచ్చా | బుధవారం, మధ్యాహ్నం 12:10

రెండు రోజుల నుంచి చదువుతున్నాను, రాయనా వద్దా అనుకుంటూ. నాది రాజోలు వైపు. పదకొండేళ్లు కువైట్‌లో ఒకే ఇంట్లో పని చేశాను. మూడంతస్తులు, ఆరు బాత్రూములు.

మీరడిగే లెక్కలన్నీ నాకు నోటికొచ్చు. బాత్రూములు రోజూ. దుప్పట్లు వారానికి రెండుసార్లు, ఇస్త్రీతో. పరదాలు నెలకోసారి దించి, ఉతికి, తడిగానే ఎక్కించాలి, అప్పుడే ముడతలు లేకుండా సాగుతాయి. దుమ్ము గాలి లేచిన రోజు, అక్కడ తూజ్ అంటారు, తలుపుల కింద తడి తువ్వాళ్లు కుక్కినా ఇసుక పిండిలాగా లోపలికొచ్చేది. ఆ రోజు మొత్తం ఇల్లు మళ్లీ మొదటినుంచి. క్లోరిన్ నీళ్లకి నా వేళ్ల చర్మం ఉల్లిపొరలా లేచేది. ఫోనులో వేలిముద్ర పడేది కాదు.

మెట్ల కింద గదిలో పడుకునేదాన్ని. నా దుప్పటి ఎన్నాళ్లకి ఉతికేదాన్నో ఎవరూ అడగలేదు, నేనూ లెక్కపెట్టలేదు. అందరివీ అయ్యాక మెషీన్‌లో చోటుంటే.

ఏడాదిన్నర కింద వచ్చేశాను. ఇక్కడ మా అమ్మాయి, మా అత్తగారు ఉంటున్న ఇల్లు. మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు, ఎటు చూసినా దుమ్మే. అర్ధరాత్రి లేచి అలమార తుడిచాను. మా అత్తగారు మేలుకుని "ఎవరొస్తున్నారే ఇప్పుడు?" అన్నారు. ఎవరూ రావట్లేదు. రెండో వారం నుంచి చీపురు ముట్టుకోలేదు. నిజంగా, నెలరోజులు. మా అమ్మాయే చేసింది, ఒక్క మాట అనలేదు. ఇరుగుపొరుగు "కువైట్ డబ్బు వచ్చింది, ఒళ్లు వంగట్లేదు" అనుకున్నారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు చేస్తున్నాను. పొద్దున్న టీ తాగి, బుద్ధిపుట్టినప్పుడు. తడిగుడ్డ ఒకసారి వంటింట్లో మొదలుపెట్టి సగంలో ఆపేసి వాకిట్లో కూర్చుంటాను, కాసేపయ్యాక మిగతాది. సగంలో ఆపడం నాకు చాలా బాగుంటుంది.

తెల్ల_టైల్స్ | బుధవారం, మధ్యాహ్నం 3:25

అమ్మా, మీది మూడుసార్లు చదివాను. సోమవారం నేను రాసింది చూస్తే ఇప్పుడు నాకే ఎలాగో ఉంది.

నిజం కూడా చెప్పేస్తాను. ఈ ఆషాఢంలో మా పనమ్మాయి కూతురికి కాన్పని పన్నెండు రోజులు రాలేదు. మొదటి రోజు అంతా నేనే చేశాను, నడుం పట్టేసింది. రెండో రోజు తడిగుడ్డ ఒకసారి. నాలుగో రోజు చీపురు మాత్రమే. ఎనిమిదో రోజుకి కిటికీ ఊచలు అనేవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను. నా అసలు లెక్క అదీ. ఆ అమ్మాయి తన ఇల్లు ఎప్పుడు తుడుచుకుంటుందో నేను ఇన్నేళ్లలో అడగలేదు.

కోటిపల్లి_రేవు | బుధవారం, మధ్యాహ్నం 3:40

సోమవారం నేను కాస్త దురుసుగా అడిగాను. ఏమీ అనుకోకండి.

ఊకమిల్లు_పక్కిల్లు | బుధవారం, సాయంత్రం 4:30

ఫ్యాన్ల సంగతి ఎవరూ ఉపాయం చెప్పలేదు, నేను చెప్తాను. పాత గలీబు ఒకటి తీసుకుని రెక్కకి దిండుకి తొడిగినట్టు తొడిగెయ్యండి. రెండు చేతులతో రెక్క మొదట్లో నొక్కి పట్టుకుని నెమ్మదిగా చివరిదాకా లాగండి. దుమ్మంతా గలీబు లోపలే ఉండిపోతుంది, మంచం మీద పడదు. పెరట్లోకి తీసుకెళ్లి తిరగేసి దులిపెయ్యడమే. వంటింటి ఫ్యాను మాత్రం దీనికి లొంగదు, దాని మీద నూనె జిడ్డు. దానికి సబ్బు నీళ్ల గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ. రెక్కని మాత్రం కిందకి వంచకండి, వంగితే ఊగుతుంది.

అంబాజీపేట_కోడలు | బుధవారం, రాత్రి 9:15

ఈరోజు మా ఆయనా నేనూ ట్యాంకు మూత తీశాం. ఆయనే దిగారు. అడుగున నాలుగు వేళ్ల మందం ఎర్రటి బురద, జాకెట్టు గుడ్డంత మెత్తగా. వరదల్లో కాలవకి ఎర్రనీళ్లు వచ్చినప్పుడల్లా మా కుళాయి నీళ్లు కూడా రెండు మూడు వారాలు రంగు మారతాయి. ఆ రంగంతా ఎటు పోతోందా అనుకునేదాన్ని. అదుగో, అక్కడ. తొమ్మిది బకెట్లు తీశాం, అరటి మొక్కలకి పోశాం. గోడలు బ్లీచింగ్ నీళ్లతో రుద్ది, అరగంట ఉంచి, రెండుసార్లు కడిగి వదిలేశాం. సిస్టర్ గారూ, అంచు చుట్టూ పీచుతో రుద్దించాను.

ఏటా జూలై, ఆగస్టు ఎర్రనీళ్లు తగ్గాక ఒకసారి, వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఒకసారి చెయ్యాలని ఆయన గోడ మీద బొగ్గుతో రాశారు. ఆ గోడ కడగడం నా పని.

దుప్పటి కూడా ఉతికాను. చిన్నోడి చెయ్యి పోలేదు. చిటికెన వేలు మాత్రం కొంచెం మసకేసింది.

కువైట్_నుంచి_వచ్చా | బుధవారం, రాత్రి 9:40

చిచ్చుబుడ్డి మసి మొండిదమ్మా. గిన్నెల సబ్బు ఒక చుక్క మరక మీద వేసి, వేలితో రాసి, ఆరకుండా గంట ఉంచి ఉతుకు. చన్నీళ్లతోనే. అప్పటికీ పోకపోతే ఉంచేసుకో, వాడు పెద్దయ్యాక చూపించొచ్చు.

భీమవరం_రూము | గురువారం, ఉదయం 7:30

మిమ్మల్నందర్నీ చదివి నిన్న రాత్రి సిగ్గొచ్చింది. నలుగురివీ దుప్పట్లు ఒకేసారి నానబెట్టాం. మొదటి నీళ్లు చూసి ఎవరం మాట్లాడుకోలేదు. రెండో నీళ్లు టీ రంగు. నాలుగో నీళ్లకి నా దుప్పటి మీద పువ్వులున్నాయని తెలిసింది.

ఇప్పుడు సమస్య ఏంటంటే, తెల్లవారుజాము నుంచి ముసురు. బంగాళాఖాతంలో అల్పపీడనమట, మూడు రోజులు ఇంతే అంటున్నారు. రూములో తాడు కట్టి నాలుగూ ఫ్యాను కింద వేద్దామనుకుంటున్నాం. ఆరతాయా?

ఊకమిల్లు_పక్కిల్లు | గురువారం, ఉదయం 7:34

ఆగండి ఆగండి. ఫ్యాను వెయ్యకండి. ముందు గలీబు.

భీమవరం_రూము | గురువారం, ఉదయం 7:51

వేసేశాం అండి.